బొట్టు పెట్టిన డ్రమ్ములు

మార్చి నెలలో ఒక సోమవారం పొద్దున మునిరామయ్య చిత్తూరులో బస్సెక్కేటప్పుడు అతని మనసులో ఉన్న పని ఒక్కటే. జూన్ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. రిటైరయ్యే సాయంత్రం శాలువాలూ దండలూ ఏమైనా ఉంటే త్వరగా కానిచ్చి పంపించమని యజమానికి ముందే చెప్పుకోవాలి. మర్నాడు తెల్లవారేసరికి భార్య వరదమ్మతో కలిసి అలిపిరిలో మొదటి మెట్టుకు దండం పెట్టుకోవాలి. ఇంతకు మించి ఆ రోజుకు అతనికి ఏ ఉద్దేశమూ లేదు.

పూతలపట్టు దాటగానే రోడ్డు పక్కన కనిపించే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అతను అకౌంట్స్ మేనేజరు. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ. ఈలోగా ఫ్యాక్టరీ తండ్రి చేతినుంచి కొడుకు కాశింవలి చేతికి వచ్చింది, మిషన్లు మారాయి, ఆడిటర్లు మారారు. మునిరామయ్య లెక్కలమీద మాత్రం ఏ ఆడిటరూ ఒక్క ప్రశ్న కూడా రాయలేదు. చేరిన మొదటి ఏడాది భయంకొద్దీ అతనొక మొక్కు మొక్కుకున్నాడు. ప్రశ్నన్నది రాకుండా సర్వీసు ముగిస్తే కొండకు నడిచివచ్చి తలనీలాలు ఇస్తానని. అరవై దగ్గరపడినా అతని జుట్టు చెక్కుచెదరలేదు, పేరూ చెక్కుచెదరలేదు. ఒకటి నిలబెట్టుకున్నందుకు రెండోది ఇచ్చేయడానికి అతను సంతోషంగా ఎదురుచూస్తున్నాడు.

అతని కుర్చీ వెనక గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. రెండేళ్ల కిందట తిరుపతిలో ఒక హోటల్లో జరిగిన సెమినారుకు వెళ్లివచ్చినందుకు ఇచ్చింది. కంపెనీ లెక్కల్లో మోసాలు ఎందుకు జరుగుతాయన్నది ఆనాటి విషయం. చెన్నై నుంచి వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "మోసానికి మూడు పొయ్యిరాళ్లు కావాలి. మెడమీద కూర్చున్న అవసరం ఒకటి. ఎవరూ చూడని సందు ఒకటి. ఇది తప్పు కాదని మనకు మనం చెప్పుకునే సమాధానం ఒకటి. మూడింట్లో ఒక్కటి తీసేయండి, కుండ నిలబడదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనంలో పాయసం కూడా పెట్టారు.

ఆ సోమవారం మునిరామయ్య సంచి బల్లమీద పెట్టీ పెట్టకముందే సాబ్ దగ్గరినుంచి పిలుపు వచ్చింది.

"రాప్పా మునిరామయ్యా, కూసో," అన్నాడు కాశింవలి. టీ తెప్పించాడు, బిస్కెట్లు కూడా తెప్పించాడు. సాబ్ బిస్కెట్లదాకా వెళ్లాడంటే విషయం పెద్దదని మునిరామయ్యకు తెలుసు.

"బ్యాంకోళ్లు రాసినారు. సరుకు కనపడితేనే లోను లిమిటు తిరగరాస్తామంటా ఉండారు. మన గోడౌన్లో ఎంతుండాది?"

"నూటరవై డ్రమ్ములు సాబ్. పోయినేడు కాయ తక్కువ కదా."

"వాళ్లకు రెండు నూర్లు కావల్లంట."

"అంటే నలభై తక్కువ సాబ్."

"ఆ లెక్క నాకు రాదా?" అని కాశింవలి బిస్కెట్టు టీలో ముంచాడు. అది ముక్కలై టీలోనే మునిగిపోయింది. దానివైపు కాసేపు దిగులుగా చూశాడు. "జూన్లో తోతాపురి దిగుతుంది. రైతుకు అప్పటికప్పుడు దుడ్డు చేతిలో పెట్టకపోతే ట్రాక్టరు పక్క ఫ్యాక్టరీకి తిప్పుకుంటాడు. కాయ రాకపోతే మిషను తిరగదు. మిషను తిరగకపోతే కుప్పమ్మా వాళ్లు వందమంది ఆడోళ్లు ఏం తింటారు? నువ్వే చెప్పు."

"నన్నేం చెయ్యమంటారు సాబ్?"

"నేనేం చెప్పలా. తప్పు లెక్క రాయమని నేను ఎన్నడన్నా చెప్పినానా? ఖుదా సాక్షి, చెప్పను. లెక్క సరిపోవల్ల, అంతే. ముప్పై ఏండ్లు సరిపోయింది కదప్పా, ఈ నెల మాత్రం ఎందుకు సరిపోదు?"

మునిరామయ్య శాలువా సంగతి మరిచిపోయి తన గదికి వచ్చి కూర్చున్నాడు. మొదటి రాయి సాబ్ గదిలోంచి అతని వెంటే వచ్చేసింది. రెండోది గోడౌన్లో ఎప్పటినుంచో ఉంది. గుజ్జును కాచి, గాలి తగలకుండా వెండిరంగు సంచిలో నింపి, ఆ సంచిని డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. సంచి తెరిస్తే లోపలి సరుకు పులిసిపోతుంది. అందుకని బ్యాంకువాళ్లయినా ఆడిటర్లయినా డ్రమ్ములను లెక్కపెట్టడమే తప్ప లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు. మూడో రాయి మాత్రం మధ్యాహ్నందాకా దొరకలేదు. పెరుగన్నం తింటూ ఉండగా దొరికింది. జూన్‌లో ఆ నలభై డ్రమ్ములూ ఎలాగూ నిండుతాయి. కాబట్టి ఇప్పుడు రెండు వందలని రాస్తే అది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం.

చెయ్యి కడుక్కుని వచ్చి రెండు వందలని రాశాడు. ఉరుము ఉరమలేదు, పెన్ను ఆగలేదు. గోడమీది సర్టిఫికెట్ కూడా ఉన్నచోటనే ఉంది.

మర్నాడే బ్యాంకునుంచి జవాబు వచ్చింది. చాలా సంతోషం, శుక్రవారం మా ఆఫీసరు వచ్చి సరుకు కళ్లారా చూసుకుంటారు అని.

కాగితంమీద పుట్టిన నలభై డ్రమ్ములు ఇప్పుడు నేలమీద నిలబడాలి. ఖాళీ డ్రమ్ములు షెడ్డు వెనక పడి ఉన్నాయి, సంచులు పోయిన సీజనువి మిగిలాయి. వాటిలో నింపడానికి నీళ్లే లేవు. ఫ్యాక్టరీ బోరు సంక్రాంతి దాటగానే ఎండిపోయింది. ట్యాంకరు తెప్పించాల్సిందేనని మునిరామయ్య చెబితే కాశింవలి నిర్ఘాంతపోయాడు.

"అబద్ధానికి కూడా నీళ్లు కొనాల్నా?"

"ఊరికే ఎవరిస్తారు సాబ్, ఈ ఎండల్లో?"

"సరే, కొను. ఏ ఖర్చు కింద రాస్తావు?"

మునిరామయ్య ఇబ్బంది పడ్డాడు. డబ్బు నిజంగానే పోతుంది, బిల్లు నిజంగానే వస్తుంది. నిజమైన ఖర్చును రాయకుండా వదిలేయడం అతని చేతకాదు. ఆలోచించి ఆలోచించి 'మొక్కలకు నీళ్లు' అని రాశాడు. ఆవరణలో అప్పటికి ఒక్క మొక్క కూడా లేదు. ఎండకు వాడిన పార్థీనియం కలుపు ఉంది గానీ దానికి నీళ్లు పోస్తామని ఎవరూ అనరు.

బుధవారం ఫ్యాక్టరీకి సెలవిచ్చి, నింపే మిషన్ నడిపే చెంగల్రాయుడిని ఒక్కడినే రమ్మన్నారు. మునిరామయ్య దగ్గరుండి ఆ పని ఎంత శ్రద్ధగా చేయించాడంటే, గుజ్జు నింపేటప్పుడు కూడా ఎవరూ అంత శ్రద్ధ చూపలేదు. గుజ్జుకంటే నీళ్లు తేలిక. ఆఫీసరు తూకం వేయించవచ్చు. అందుకని ప్రతి డ్రమ్ములోనూ నీళ్లు ఇంకాస్త ఎక్కువ పట్టించి, కాటామీదికి ఎక్కించి, అసలు డ్రమ్ములతో సరితూగేదాకా వదల్లేదు.

"ఏందన్నా, నీళ్లకింత చాదస్తం?" అన్నాడు చెంగల్రాయుడు నడుం పట్టుకుని.

"చేసేదేదో తిన్నగా చెయ్యల్లప్పా."

తర్వాత అతనికి ఇంకో భయం పట్టుకుంది. ఈ నీళ్ల డ్రమ్ములు పొరపాటున లారీ ఎక్కి ఎవరికైనా పోతే? గుర్తు ఉండాలి, ఆ గుర్తు ఆఫీసరు కంట్లో పడినా అనుమానం రాకూడదు. రంగుతో గీత పెడితే ఎందుకని అడుగుతారు. సీజను మొదట్లో ఆడవాళ్లు మిషన్లకు పసుపు బొట్టు పెట్టడం, ఆ వెంటనే సాబ్ ఫాతెహా చదివించడం ఆ ఫ్యాక్టరీలో ఎప్పటినుంచో ఉన్నదే. పసుపు బొట్టును అనుమానించే ఆఫీసరు చిత్తూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. మునిరామయ్య నలభై డ్రమ్ములకూ తన చేత్తోనే బొట్లు పెట్టి, వాటిని వెనక వరసల్లో నిలబెట్టించాడు. సెమినారులో ఇలాంటి ముందుజాగ్రత్త గురించి కూడా చెప్పారని గుర్తొచ్చి, ఆ రోజు అతనికి కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

శుక్రవారం అతను గోడౌన్ తలుపు దగ్గరకు వచ్చేసరికి లోపలినుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. నేలంతా కడిగి ఉంది. గుమ్మంలో ముగ్గు ఉంది. లోపల రెండు వందల డ్రమ్ములు తీర్చిన వరసల్లో, ఒక్కొక్కటీ నిండా పసుపు బొట్టుతో, కుంకుమతో, పెళ్లిపీటలమీద కూర్చున్నట్టు కళకళలాడుతున్నాయి. పసుపు గిన్నె పట్టుకుని ఆడవాళ్ల మేస్త్రీ కుప్పమ్మ ఎదురొచ్చింది.

"ఎట్లుండాదన్నా?"

మునిరామయ్య వెనక వరసలవైపు మెడ సాచి చూశాడు. "ఇదంతా ఎవరు చెయ్యమన్నారు కుప్పమ్మా?"

"ఎవురు చెప్పల్ల? పొద్దన్నే చిమ్మదామని వస్తే యెనకాల కొన్నింటికి బొట్లుండాయి, కొన్నింటికి లేవు. పెట్టినోళ్లు పసుపు చాలక నిలిపేసినారేమో అనుకున్నాం. కొన్నింటికి పెట్టి కొన్నింటికి పెట్టకపోతే మంచిది కాదు గదా. అందుకని మేమే తలా ఇంత పసుపు తెచ్చి అన్నిటికీ పెట్టేసినాం."

"యెనకాల ఉన్నవి యెనకాలే ఉండాయి కదా?"

"యాడుంటాయన్నా? నేల కడగాల్నంటే డ్రమ్ములు తియ్యద్దా? అందరం కలిసి అన్నీ బయటికి దొర్లించి, కడిగి, మళ్లీ లోపల పెట్టినాం. యేది యాడ పెట్టినామో యెవురు సూసినారు?" ఆమె గొంతు తగ్గించింది. "ఆ బ్యాంకాయన సరేనంటేనే మాకు సీజనుకు పని ఉంటాదంట గదా. అందుకని మనసులో మొక్కుకుని పెట్టినాం అన్నా."

ఆమె ముఖంలో ఉన్న ఆశ చూసి మునిరామయ్య కోప్పడలేకపోయాడు. చెంగల్రాయుడిని కేకేసి మూతలు తీసి సంచులు నొక్కి చూద్దామని అనుకునేలోపే గేటు దగ్గర బ్యాంకు కారు హారన్ మోగింది.

ఆఫీసరు పేరు దయానంద్. వయసు ముప్పై దాటదు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో స్టిక్కర్ల కట్ట. గోడౌన్‌లో అడుగుపెట్టకముందే చెప్పులు బయట విప్పేశాడు. వరసల మధ్య తిరుగుతూ డ్రమ్ములను లెక్కపెట్టాడు, ఒకటి రెండింటిని వేళ్లతో తట్టాడు, ఒకదాన్ని కాటామీద పెట్టించాడు. సరిగ్గా తూగింది.

"నేను ఈ జిల్లాలో చానా గోడౌన్లు చూసినాను సార్," అన్నాడు మునిరామయ్యతో. "సరుకును ఇంత భక్తిగా చూసుకునేవాళ్లను యాడా చూడలా."

మునిరామయ్యకు సిగ్గేసింది. తల వంచుకుంటే వినయం అనుకున్నాడు దయానంద్. ఒక్కో డ్రమ్ముకూ మూతా అంచూ కలిసేచోట ఒక స్టిక్కర్ అంటించాడు. సరుకు బ్యాంకు తాకట్టులో ఉందనీ, అనుమతి లేకుండా మూత తీయకూడదనీ దానిమీద అచ్చువేసి ఉంది. మునిరామయ్య కళ్లముందే రెండు వందల మూతలూ మూసుకుపోయాయి.

అంతటితో ఆగినా బాగుండేది. టీ తాగుతూ దయానంద్‌కు ఒక మంచి ఆలోచన వచ్చింది. "మీ అదృష్టం సాబ్. శ్రీహరికోట పోయే దోవలో మా బ్యాంకు కస్టమరొకరు కూల్‌డ్రింకుల కంపెనీ పెట్టినారు. గుజ్జు దొరక్క మొత్తుకుంటా ఉండారు. ఉండండి, ఇప్పుడే మాట్లాడతా," అని వాళ్ల ముందే ఫోను చేశాడు. పెట్టేసి నవ్వాడు. "సోమారం లారీ వస్తుంది. ఎనభై డ్రమ్ములు. దుడ్డు నేరుగా మీ లోను ఖాతాలోకే."

కాశింవలి మునిరామయ్య వైపు చూశాడు. మునిరామయ్య గోడౌన్ వైపు చూశాడు. ఇంత సరుకు పెట్టుకుని అమ్మనంటే దయానంద్‌కు అనుమానం వస్తుంది. "చానా సంతోషమప్పా," అన్నాడు కాశింవలి. ఆ గొంతులో సంతోషం ఎంత వెతికినా లేదు.

శనివారమంతా యజమానీ మేనేజరూ తలుపు దగ్గరేసుకుని గోడౌన్‌లోనే ఉన్నారు. డ్రమ్ములకు చెవులు ఆనించారు. కర్రతో కొట్టారు. రెండు చేతులా పట్టుకుని ఊపబోతే నిండు డ్రమ్ము కదలక కాశింవలికి భుజం పట్టేసింది. అన్నీ ఒకే మాదిరి పలికాయి, ఒకే మాదిరి తూగాయి. తూకంలో తేడా లేకుండా చేయించిన తన చాదస్తాన్ని మునిరామయ్య లోలోపల తిట్టుకున్నాడు. చీపురు కోసం తలుపు తోసుకుని వచ్చిన కుప్పమ్మకు, సాబూ మేనేజరూ చెరో డ్రమ్మును కౌగలించుకుని, చెవి ఆనించి, కళ్లు మూసుకుని కనిపించారు.

"ఏంది సాబ్, బిడ్డ తిరగతా ఉండాదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం లారీ వచ్చింది. గుమ్మం దగ్గరినుంచి వరసగా ఎనభై డ్రమ్ములు ఎక్కించుకుని పోయింది. వాటిలో ఎన్ని నీళ్లో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం వరదమ్మ వడ్డించిన రాగి సంగటి ముద్ద అలాగే ఉంది. ఆమె రెండుసార్లు చూసి, మూడోసారి గిన్నె కింద పెట్టి, "ఏమయ్యా, ఏం జరిగింది?" అంది. మునిరామయ్య మొత్తం చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆమె నోటిమీద కొంగు పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు గానీ, కుప్పమ్మ సంగతి వచ్చేసరికి ఆమె భుజాలు కదిలిన తీరు వేరేగా ఉంది.

"నవ్వతా ఉండావా?"

"లేదులే." కొంగు తీసి ఆమె ముఖం సర్దుకుంది. "పోయి ఆ ఆఫీసరుకు చెప్పెయ్. చెప్తే ఒక దినం సిగ్గు. చెప్పకపోతే కొండకు పోయి ఏ మొగం పెట్టుకుని నిలబడతావు?"

"పేరు పోతుంది వరదా. ముప్పై ఏండ్ల పేరు."

"ఆ పేరుతోనే కదా నీళ్లమ్మినావు."

 మంగళవారం ఆఫీసుకు పోకుండా నేరుగా చిత్తూరులోని బ్యాంకుకే వెళ్లాడు. దయానంద్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. మునిరామయ్య కూర్చోలేదు. నిలబడే, ఒక్క ఊపిరిలో, బోరునుంచి బొట్లదాకా అంతా చెప్పేశాడు. చెప్పేశాక గుండె తేలికైంది. ఇక తిట్లకూ పోలీసులకూ సిద్ధపడి కుర్చీలో కూర్చున్నాడు.

దయానంద్ లేచి వెళ్లి క్యాబిన్ తలుపు మూశాడు. "సార్, ఇది ఇంకెవరికన్నా చెప్పినారా?"

"ఇంట్లో చెప్పినాను."

"ఆమెకు చెప్తే చెప్పినారు. ఇంకెవరికీ వద్దు." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేను రిపోర్టు పంపేసినాను. మూడు డ్రమ్ములు తెరిపించి రుచి చూసినట్టు. తీపి బాగుండాదని కూడా రాసినాను."

"మీరు తెరిపించలేదు కదా సార్?"

"తెరిపిస్తే మీ సరుకు పాడైపోతుంది కదా? మీకు నష్టం రాకూడదనే, చూడకుండానే చూసినట్టు రాసినాను. రిపోర్టులో ఆ గడి ఖాళీగా పెడితే తీసుకోరు. మార్చి లోపల ఇన్ని లోన్లు తిరగరాయల్లని నా నెత్తిన టార్గెట్టు."

మునిరామయ్య అతన్ని తేరిపార చూశాడు. అవసరం, సందు, సమాధానం. మూడు రాళ్లూ కుదురుగా ఉన్నాయి. "సార్, మీరెప్పుడన్నా తిరుపతిలో ఒక సెమినారుకు..."

"నేనూ వచ్చినాను సార్, వెనక వరసలో కూర్చున్నా. పాయసం బాగున్నింది," అన్నాడు దయానంద్ నీరసంగా.

"అయితే మీ మేనేజరుకే చెప్తాను."

"చెప్పండి. ఆయన సంతకం పెట్టి తిరుపతి ఆఫీసుకు పంపించేసినాడు. తిరుపతోళ్లు సంతకం పెట్టి పైకి పంపించినారు. ఎవరూ డ్రమ్ము మొగం చూసినోళ్లు కాదు. మీరొక్కరు నిజం చెప్తే ఎంతమంది ఉద్యోగాలు పోతాయో లెక్కేసుకోండి. మీ కుప్పమ్మా వాళ్ల పని పోతుంది, అది వేరే."

అప్పుడే మునిరామయ్య ఫోను మోగింది. కొత్త నంబరు. అవతల ఒక ఆడమనిషి గొంతు.

"నమస్తే సార్. కూల్‌డ్రింక్స్ కంపెనీ క్వాలిటీ విభాగం నుంచి తేజస్విని మాట్లాడుతున్నాను. మీ లోడులో కొన్ని డ్రమ్ములు కొంచెం పలచగా వచ్చాయండీ."

"ఎంత పలచగానమ్మా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "నీళ్లంత."

మునిరామయ్య కళ్లు మూసుకున్నాడు. "అయితే కంప్లైంటు రాస్తారా అమ్మా?" ఆ ప్రశ్నలో భయంకంటే ఆశే ఎక్కువ ఉంది.

"అబ్బే, లేదండీ. లోడు దిగకముందే బాగుందని సంతకం పెట్టేశాను. నెలాఖరు కదా, ఇక్కడ ఒకటే తొందర. ఎలాగూ మేమూ నీళ్లు కలుపుతాం కాబట్టి ఈసారి మా నీళ్లు తక్కువ పట్టాయి. చక్కెరా రంగూ కాస్త పెంచాం, సరిపోయింది. వచ్చే లోడు మాత్రం కొంచెం చిక్కగా పంపండి సార్, ఉంటాను."

ముప్పై ఏళ్లలో మొదటిసారి మునిరామయ్య తన పేరు పోగొట్టుకోవడానికి బయల్దేరి వచ్చాడు. తీసుకునేవాళ్లు ఎవరూ దొరకలేదు. మధ్యాహ్నం బస్సుకు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు.

లోను లిమిటు తిరగరాయడమే కాదు, సరుకును చూసి మెచ్చి పెంచారు కూడా. ఏప్రిల్ నెలాఖరుకు ఏడాది ఆడిటు వచ్చింది. ఆడిటరు ఆఫీసునుంచి లోహిత అనే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. సరుకు దగ్గర ఆగనే లేదు. బ్యాంకువాళ్లు తెరిచి రుచి కూడా చూశాక ఇక అడిగేదేముంది? వరసగా అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"సార్, మొక్కలకు నీళ్లని రాసినారే, ఇది పెద్ద ట్యాంకరు బిల్లు. మొక్కలు యాడుండాయి?"

ఆ వ్యవహారం మొత్తంలో నిజమైన ఖర్చు అదొక్కటే. మునిరామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎండిపోయినాయమ్మా."

"ఇన్ని నీళ్లు పోసినా ఎండిపోయినాయా?"

ఆ అమ్మాయి కళ్లజోడు వెనకనుంచి సూటిగా చూస్తోంది. ఇన్నాళ్లకు ఒక మనిషి నోరు తెరిచి అడగవలసింది అడిగింది. మునిరామయ్యకు భయంతోపాటే పెద్ద ఊరట కూడా కలిగింది. ఇప్పుడు చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. "అమ్మా, నిజం చెప్తా ఉండా. ఆ నీళ్లు మొక్కలకు కాదు..."

"ఇంటికి వాడుకున్నారా సార్?" అంది లోహిత జాలిగా. "ఎండాకాలం కదా, ఫరవాలేదు, చెప్పండి."

మునిరామయ్య ముఖం ఎర్రబడింది. ముప్పై ఏళ్లలో ఫ్యాక్టరీ పెన్ను కూడా ఇంటికి తీసుకుపోని మనిషి. "నేనా? ఇంటికా? ఏం మాటలమ్మా అవి? మొక్కలకే పోసినాం. ప్రతి బొట్టూ మొక్కలకే!"

అనేసి, తర్వాత నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆమె రాసేసుకుంది. మునిరామయ్య లెక్కలమీద మొట్టమొదటి ప్రశ్న: మొక్కలు చూపించవలెను.

"ఇంతేనా? పాపకు మొక్కలు కావాల్నంటే మొక్కలు చూపిస్తాం," అన్నాడు కాశింవలి. మొక్కలను పాత తేదీతో నాటడం కుదరదు కాబట్టి, నర్సరీకి మనిషిని పంపి బాగా ఎదిగినవే తెప్పించాడు. గేటునుంచి ఆఫీసుదాకా రెండు పక్కలా గన్నేరు, నందివర్ధనం నిలబడ్డాయి. వాటికి నీళ్లు కావాలి, బోరు ఎండిపోయే ఉంది. దయానంద్ గుట్టుగా ఇచ్చిన అనుమతితో ఒక్కో డ్రమ్ము స్టిక్కరు విప్పి, సంచి నొక్కి చూసి, లోపల నీళ్లని తేలినప్పుడల్లా కుప్పమ్మ ఎందుకని అడగకుండా బకెట్టు తెచ్చి మొక్కలకు పోసింది. రెండు వారాలకు లోహిత వచ్చి, చూసి, పువ్వు ఒకటి కోసుకుని జడలో పెట్టుకుని, ప్రశ్నను కొట్టేసింది. మునిరామయ్య ఆమె వెళ్లినవైపు చాలాసేపు చూశాడు. ఆ అమ్మాయి ఆ ప్రశ్నను ఇంకొన్నాళ్లు అలాగే ఉంచి ఉంటే బాగుండేదని అతనికి నిజంగా అనిపించింది.

జూన్‌లో కాయ విరగకాసింది. రైతుల చేతికి డబ్బు ఏ రోజుకారోజు అందింది. మిషను తిరిగింది, కుప్పమ్మావాళ్లకు పని దొరికింది, ఖాళీ అయిన డ్రమ్ములన్నీ అసలైన గుజ్జుతో నిండాయి. కాస్త ముందుగా చెప్పిన నిజం చివరికి నిజమే అయింది. కాశింవలి ఆ మాట అని భుజం తట్టినప్పుడు మునిరామయ్య నవ్వలేదు.

రిటైరైన సాయంత్రం శాలువాలూ దండలూ త్వరగా కాలేదు. దయానంద్ బ్యాంకు తరఫున అద్దాల ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం తెచ్చాడు. సరుకు నిల్వలో నిజాయితీకి ఈ ఫ్యాక్టరీ జిల్లాకే ఆదర్శమని మైకులో చదివాడు. చదువుతున్నంతసేపూ మునిరామయ్య వైపు చూడలేదు. తిరుపతి సెమినారువాళ్లు ఈసారి మునిరామయ్యగారే మాట్లాడాలని అడుగుతున్నారని కూడా చెప్పాడు. కుప్పమ్మ కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. ఆ ఫ్యాక్టరీలో ఆ రోజు ఉన్నవాటిలో అనుమానం లేకుండా అసలైనవి ఆ కన్నీళ్లేనని మునిరామయ్యకు తోచింది.

మర్నాడు మెట్లెక్కుతూ దారి పొడవునా అతను వరదమ్మను ఒకటే అడిగాడు. ప్రశ్న వచ్చింది, మళ్లీ కొట్టేశారు. మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?

"దేవుడు ఆడిటరా ఏంది?" అంది ఆమె మోకాళ్లు పట్టుకుని. "ఇస్తానన్నావు, ఇచ్చెయ్. మిగిలింది ఆయనే చూసుకుంటాడు."

కల్యాణకట్టలో ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరని జుట్టు నిమిషాల్లో ఒళ్లో పడిపోయింది. వరదమ్మ గుండుకు చల్లగా గంధం పూసి, వెనక్కి జరిగి చూసి, "బాగుండావులే," అంది. దర్శనం చేసుకుని సాయంత్రం తిరుగు బస్సెక్కారు. కొండ దిగే ఆ బస్సులో ముందు సీటునుంచి వెనక సీటుదాకా అన్నీ పచ్చగా గంధం పూసిన గుండ్లే. ఏది గుజ్జో, ఏది నీళ్లో పైకి చూసి చెప్పడం మునిరామయ్య వల్ల కాలేదు.